గుండెపోటు తొలి గంటల్లో గుండె లయ తప్పకుండా ఏం చేయాలి

కర్నూలులో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ఆర్ఎంపీలు, మెడికల్ షాపుల వాళ్లు, 108 సిబ్బంది కలిసి కూర్చున్న ఒక అవగాహన సమావేశంలో క్యాజువాలిటీ వైద్యుడు చేసిన ప్రసంగం, మాట్లాడినది మాట్లాడినట్టే.

అందరికీ నమస్కారం. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, ఆలూరు వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీరందరూ ఒకే హాల్లో దొరకడం అరుదు కాబట్టి స్లైడ్లు పక్కన పెట్టి నేరుగా మాట్లాడతాను. మధ్యలో ఏదైనా అడగాలనిపిస్తే చెయ్యెత్తండి, చివరిదాకా ఆగొద్దు.

గుండెపోటుతో పోయిన మనిషి ఇంట్లోవాళ్లను అడిగితే చాలాసార్లు ఒకటే మాట చెప్తారు. "మాట్లాడతా మాట్లాడతానే పోయినాడు సార్, నీళ్లు అడిగినాడు, చెంబు తెచ్చేలోపల తల వాల్చేసినాడు." ఈ మాటను కొంచెం ఆలోచించండి. రక్తనాళం మూసుకుపోయిన తర్వాత గుండె కండరం చచ్చిపోవడానికి గంటలు పడుతుంది, ఒక్క నిమిషంలో చచ్చిపోదు. మరి చెంబు తెచ్చేలోపల ప్రాణం ఎట్లా పోయింది? కండరం చచ్చిపోయి కాదు, లయ తప్పి పోయింది. ఆ సమయానికి గుండెలో చాలా భాగం బాగానే ఉండి ఉంటుంది. అంటే బతికించగలిగిన మనిషి. నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే ఇందుకే.

లయ తప్పడం అంటే ఏమిటో ముందు చెప్తాను. మన పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్లే కదా అందరూ. గురువు దరువు ఇస్తాడు, ఇరవైమంది ఒకేసారి చెక్క కొడతారు, ఒకేసారి అడుగు వేస్తారు. గుండెలోనూ పైన కుడి గదిలో ఒక చిన్న కేంద్రం నిమిషానికి 60 నుంచి 100 సార్లు దరువు ఇస్తుంటే, కింది గదుల కండరమంతా ఒకేసారి బిగుసుకుని రక్తాన్ని తోస్తుంది. గుండెపోటులో ఒక భాగానికి రక్తం ఆగిపోగానే అక్కడి కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది, ఆ భాగంలో కరెంటు నెమ్మదిస్తుంది, పక్కనున్న మంచి కండరంలో మాత్రం మామూలు వేగంతోనే నడుస్తుంది. ఈ తేడా వల్ల కరెంటు ముందుకు పోకుండా అక్కడక్కడే సుడి తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇరవైమందీ ఎవరి దరువు వాళ్లు వేస్తారు. శబ్దం ఉంటుంది, భజన ఉండదు. గుండె వణుకుతుంది కానీ రక్తం తోయదు. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం, వార్డులో వీఎఫ్ అంటే సరిపోతుంది. వీఎఫ్ మొదలైన పది సెకన్లలోపే స్పృహ పోతుంది, నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఇది ఎక్కువగా ఎప్పుడు వస్తుంది? నొప్పి మొదలైన తొలి గంటలోనే, ఆ తర్వాత గంటగంటకూ తగ్గుతూ వస్తుంది. ఆ తొలి గంటలో మనిషి ఎక్కడుంటాడు? నా దగ్గర ఉండడు. పొలం గట్టు మీద ఉంటాడు, ఆటోలో ఉంటాడు, మీ క్లినిక్ బల్ల మీద ఉంటాడు, మెడికల్ షాపు ముందు నిలబడి గ్యాస్ మాత్ర అడుగుతుంటాడు. కాబట్టి లయ కాపాడే వైద్యం పెద్దాసుపత్రి ఐసీయూలో మొదలుకాదు, మీ దగ్గర మొదలవుతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా దాని వివరం.

ముందు మెడికల్ షాపు అన్నలతో. నలభై దాటిన మనిషి, షుగరో బీపీనో ఉన్నవాడు, బీడీ సిగరెట్ అలవాటు ఉన్నవాడు వచ్చి "ఎదలో పట్టేసినట్టుంది, చెమటలు పడుతున్నాయి, గ్యాస్ అనుకుంటా" అంటే ఈనో ప్యాకెట్ చేతిలో పెట్టి పంపొద్దు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండొచ్చు, దవడ లాగుతుందనో చెయ్యి లాగుతుందనో అంటారు. కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడని వాళ్లు కాకపోతే, రక్తం కక్కుకోవడంలాంటివి లేకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి, ఊరికే మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది. 1988లో వచ్చిన ఐసిస్-2 అనే పెద్ద పరిశోధనలో 17 వేలకు పైగా గుండెపోటు రోగులను చూశారు, ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను 23 శాతం తగ్గించింది. చాలా చవకైన మాత్ర. 108కి ఫోన్ చేయండి. అంతకంటే పెద్ద పని ఆ నిమిషంలో ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఆర్ఎంపీ అన్నలు. మీ మీద కోపంతో చెప్పడం లేదు, రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచేది మీరే, అది నాకు తెలుసు. కానీ మూడు ఇంజెక్షన్ల గురించి తప్పకుండా చెప్పాలి. ఎదనొప్పికి డైక్లో ఇంజెక్షన్ వేయొద్దు, ఆ రకం నొప్పి మందులు గుండెపోటులో హాని చేస్తాయి, పైగా పిరుదులో సూది గుచ్చాక మేం గుండె నాళంలోని రక్తం గడ్డ కరిగించే మందు ఇస్తే ఆ చోట రక్తం గూడుకట్టి పెద్ద వాపు వస్తుంది. ఆయాసం ఉందని డెరిఫిల్లిన్ వేయొద్దు, అది గుండె వేగాన్ని పెంచి, అసలే చికాకులో ఉన్న కరెంటును ఇంకా రెచ్చగొడుతుంది. ఉబ్బసమా, గుండె వల్ల వచ్చిన ఆయాసమా అని తేల్చుకోకుండా ఆ మందు జోలికి పోవద్దు. మూడోది వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్, ఇది మంచి మందే, మేమూ వాడతాం, కానీ ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్లలో, నాడి మరీ నెమ్మదిగా కొట్టేవాళ్లలో అది ఒక రకం ప్రమాదకరమైన వేగాన్ని తెప్పించగలదు, కాబట్టి ఈసీజీ చూడకుండా మోతాదు మీద మోతాదు వేయొద్దు.

రక్తనాళాలను వదులు చేయడానికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర సంగతి వేరే చెప్పాలి. అది అందరికీ తెలిసిపోయింది, జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు, మంచిదే. కానీ బీపీ చూడకుండా పెట్టొద్దు. పై అంకె 90 కంటే తక్కువ ఉంటే వద్దు. గుండె కింది వైపు పోటులో కుడి గది కూడా దెబ్బతిని ఉంటే, ఒక్క మాత్రకే బీపీ దబ్బున పడిపోయి మనిషి కూలిపోతాడు, అది లయను కూడా పాడుచేస్తుంది. ఇంకొకటి, అడగడానికి మొహమాటపడతారు కానీ అడగాల్సిందే: గత 24 గంటల్లో సిల్డెనాఫిల్ లాంటి లైంగిక పటుత్వపు మాత్ర వేసుకున్నాడా అని. టడలాఫిల్ అయితే 48 గంటలు. వేసుకుని ఉంటే సార్బిట్రేట్ పెట్టకూడదు. భార్య పక్కనుంటే చెప్పడు, కాబట్టి ఆమెను నీళ్లు తెమ్మని పంపి, చెవి దగ్గర వంగి అడగండి.

ఇక ప్రయాణం. మన దగ్గర ఇద్దరు మధ్యలో రోగిని కూర్చోబెట్టుకుని బైక్ మీద తెస్తారు. వాళ్ల ఆత్రం అర్థమవుతుంది, బండి కోసం కాచుకోవాలంటే టెన్షన్. కానీ వెల్దుర్తి దగ్గరో కోడుమూరు దగ్గరో దారిలో వీఎఫ్ వస్తే ఆ బైక్ మీద ఏం చేస్తారు? షాక్ ఇచ్చే యంత్రం లేదు, ఛాతీ నొక్కడానికి చోటు లేదు. డీఫిబ్రిలేటర్ అంటే ఆ షాక్ యంత్రం, మానిటర్, మందులు ఉన్న అడ్వాన్స్‌డ్ అంబులెన్స్ కావాలని ఫోన్‌లోనే అడగండి, "గుండెపోటు అనుమానం" అన్న మాట స్పష్టంగా చెప్పండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది, దాని విలువ పల్లెలకు తెలిసినంతగా పట్నాలకు తెలియదు. 1966లో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే వైద్యుడు, జనం ఆసుపత్రికి చేరకముందే పోతున్నారని గమనించి, షాక్ యంత్రాన్నే రోగి దగ్గరికి పంపాలని పట్టుబట్టాడు. కారు బ్యాటరీలతో నడిచే 70 కిలోల యంత్రాన్ని అంబులెన్సులో పెట్టి పంపేవాడు. ఇప్పుడు ఆ యంత్రం ఒక చేతి సంచిలో పడుతుంది.

బండి వచ్చేదాకా మనిషిని నడిపించొద్దు. ముఖ్యంగా మరుగుదొడ్డికి. గుండెపోటులో చాలామందికి విరేచనానికి పోవాలనిపిస్తుంది, లేచి పోతారు, ముక్కుతారు, అక్కడే పడిపోతారు. తలుపు గడియ వేసుకుని ఉంటారు, పగలగొట్టేసరికి నిమిషాలు అయిపోతాయి. పడక మీదే బెడ్‌పాన్ పెట్టండి, సిగ్గుపడితే బతిమాలండి.

(ముందు వరుసలో ఒక ఆశా కార్యకర్త: సార్, పడిపోయినప్పుడు ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుంటే?)

మంచిదడిగావక్కా, నేను తర్వాత చెప్దామనుకున్నాను, ఇప్పుడే చెప్తాను. గుండె ఆగిన మొదటి క్షణాల్లో మెదడుకు రక్తం అందక చేతులు కాళ్లు కొట్టుకుంటాయి, కళ్లు పైకి తేలతాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఆ రెండు నిమిషాలూ పోతాయి. ఇంకొకటి, నోరు తెరిచి చేప గాలికి కొట్టుకున్నట్టు అప్పుడొకటి ఇప్పుడొకటి గుటకల్లా గాలి పీలుస్తాడు, "ఊపిరి ఉంది సార్" అంటారు. అది ఊపిరి కాదు. ఎదనొప్పి అన్న మనిషి ఉన్నట్టుండి పడిపోయి, పిలిస్తే పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, అది గుండె ఆగడమే అనుకోండి. వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కండి. పక్కటెముక విరుగుతుందేమో అని భయపడొద్దు, విరిగినా అతుక్కుంటుంది. ఛాతీ నొక్కకుండా షాక్ ఆలస్యమయ్యే కొద్దీ, ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మీరు నొక్కుతూ ఉంటే ఆ తగ్గుదల నెమ్మదిస్తుంది, 108 తమ్ముడు వచ్చి షాక్ ఇచ్చేసరికి ఆ గుండెలో ఇంకా పనికొచ్చే జీవం ఉంటుంది.

108 తమ్ముళ్లకు ఒక చిన్న విషయం, పుస్తకాల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు కానీ మన ఊళ్లలో ఇదే పెద్ద విషయం. షాక్ ఇవ్వడానికి ఛాతీకి అంటించే ప్యాడ్ అంటుకోదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లో, గుండెపోటు చెమటతో కలిపి ఛాతీ అంతా తడిసి ముద్దయి ఉంటుంది, మీరు ప్యాడ్ పెడితే జారిపోతుంది. బండిలో ఒక పొడి టవలు, ఒక రేజరు ఎప్పుడూ ఉంచుకోండి. బనియన్ విప్పడానికి ప్రయత్నించొద్దు, కత్తిరించండి. గట్టిగా తుడవండి, వెంట్రుకలు దట్టంగా ఉంటే ప్యాడ్ పెట్టే చోట మాత్రం ఒక్క గీత గీయండి. తాయెత్తు, గొలుసు ప్యాడ్ కిందికి రాకుండా పక్కకు జరపండి. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కకి, చాలామంది రెండోదాన్ని మరీ ముందుకు పెడతారు, అప్పుడు కరెంటు గుండె మీదుగా సరిగ్గా పోదు. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, గుండెపోటు అని ఈసీజీలో తేలిన ప్రతి ఒక్కరికీ, బాగా మాట్లాడుతున్నా సరే, ప్యాడ్లు ముందే అంటించి పెట్టుకోవడం. వీఎఫ్ వచ్చాక వెతుక్కోవడం వేరు, బటన్ నొక్కడం వేరు.

ఇప్పుడు ఆసుపత్రిలో మేం చేసేది. అన్నిటికంటే పెద్ద లయ రక్షణ మూసుకున్న నాళం తెరవడమే. రోగి వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ. పెద్ద గుండెపోటు అని తేలితే, రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్‌తో నాళం తెరవడం, జరిగే అవకాశం ఉంటే అది మేలు, లేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే. ఆదోని నుంచి కర్నూలుకి దాదాపు వంద కిలోమీటర్లు, బండి రావడం, ఎక్కించడం, ఇక్కడ దింపడం, అది చేసే క్యాథ్‌ల్యాబ్ గది సిద్ధం చేయడం, ఇవన్నీ కలిపితే రెండు గంటలు ఎప్పుడో దాటిపోతాయి. కాబట్టి అక్కడే ఈసీజీ తీసి, ఫోన్‌లో పెద్ద డాక్టర్లకు చూపించి, అక్కడే టెనెక్టెప్లేస్ అనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేసి పంపడం సరైన పని. బయట కొంటే వేలకు వేలు అయ్యే ఈ ఇంజెక్షన్‌ను పెద్ద గుండెపోటు రోగుల కోసం పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు, ఈ సంగతి ఊళ్లో పది మందికి చెప్పండి. "ఇక్కడేం వేయొద్దు, నేరుగా కర్నూలుకు రాసేయండి" అని బంధువులు గొడవ పెట్టుకుంటారు, ఆ గొడవలో పోయే గంటే మనిషిని తీసుకుపోతుంది.

సరే, మందుతో లయను ముందే అదుపులో పెట్టలేమా, వీఎఫ్ రాకుండా ఒక ఇంజెక్షన్ వేసేస్తే పోదా? ఈ ప్రశ్న సహజం, వైద్యులు కూడా ఏళ్ల తరబడి అట్లాగే అనుకున్నారు. 1970లలో, 80లలో గుండెపోటు వచ్చిన వాళ్లకు ముందుజాగ్రత్తగా లయను అణిచే లిగ్నోకైన్ మందు ఎక్కించేవాళ్లు, మానిటర్ మీద మధ్యలో అదనంగా వచ్చే ఒక్క ఎక్స్‌ట్రా బీట్ కనిపించినా డ్రిప్ పెట్టేవాళ్లు. తర్వాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగడితే, వీఎఫ్ దాదాపు మూడింట ఒక వంతు మేర తగ్గింది, నిజమే, కానీ చనిపోయేవాళ్లు తగ్గలేదు, పెరిగే వైపే మొగ్గు కనిపించింది. వణుకును ఆపే మందే అసలు గుండె కొట్టుకోవడాన్నీ అణిచేయగలదు. దాంతో ఆ అలవాటు మానేశారు. తర్వాత అమెరికాలో క్యాస్ట్ అనే పరిశోధన చేశారు, గుండెపోటు వచ్చి కోలుకుని, ఎక్స్‌ట్రా బీట్లు ఉన్నవాళ్లకు వాటిని అణిచే మాత్రలు ఇచ్చి చూశారు. ఈసీజీ చక్కగా అయింది, చుక్క ఎక్స్‌ట్రా బీట్ లేదు. కానీ 1991లో వచ్చిన లెక్క ప్రకారం ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. నేను ఈ అంకెలు ప్రతి కొత్త డ్యూటీ డాక్టరుకూ చెప్తాను. మానిటర్ మీద గీత అందంగా కనిపించడం కోసం వైద్యం చేయకూడదు.

కాబట్టి ఇప్పటి పద్ధతి ఏమిటంటే, ముందుజాగ్రత్తగా లయ మందులు వేయం. అక్కడక్కడా ఎక్స్‌ట్రా బీట్లు వస్తుంటే, బీపీ బాగుంటే, చూస్తూ ఉంటాం. వీఎఫ్ వస్తే షాక్, మూడు షాకులకూ లొంగకపోతే అమియోడరోన్ అనే లయ మందు 300 మిల్లీగ్రాములు. నాడి అందుతూ, మనిషి స్పృహలోనే ఉండి గుండె కింది గదుల నుంచి వేగం వస్తుంటే అప్పుడు లెక్క వేరు, నెమ్మదిగా మందు ఎక్కించొచ్చు, బీపీ పడిపోతే అక్కడా షాకే.

బీటా బ్లాకర్, మీకు మెటోప్రొలాల్ అంటే తెలుస్తుంది, ఇది కొంచెం తిరకాసు వ్యవహారం. గుండెను నెమ్మదింపజేసి వీఎఫ్‌ను తగ్గిస్తుంది, ఇందులో సందేహం లేదు. చైనాలో దాదాపు 46 వేలమంది గుండెపోటు రోగుల మీద చేసి 2005లో ప్రచురించిన కమిట్ పరిశోధనలో, ముందు నరంలోకి తర్వాత నోటితో ఇస్తే, ప్రతి వెయ్యిమందిలో ఐదుగురికి వీఎఫ్ తప్పింది, ఐదుగురికి రెండో పోటు తప్పింది. కానీ పదకొండు మందికి గుండె పంపు పడిపోయి షాక్‌లోకి పోయారు. అందుకే డెబ్భై దాటినవాళ్లకు, పై బీపీ 120 కంటే తక్కువ ఉన్నవాళ్లకు, నాడి 110 దాటినవాళ్లకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు తొందరపడి సూదితో ఇవ్వం. మిగతావాళ్లకు మొదటి 24 గంటల్లో మాత్ర రూపంలో మొదలుపెడతాం. ఇది ఇంటి దగ్గర మీరు చేయాల్సిన పని కాదు. ఇప్పటికే రోజూ వేసుకుంటున్న మెటోప్రొలాల్‌ను మాత్రం ఎవరూ ఉన్నట్టుండి ఆపకూడదు, చీటీ అయిపోయిందని, మాత్రలు అయిపోయాయని మానేసినవాళ్లకు తిరగబెడుతుంది.

మెగ్నీషియం గురించి ఒక్క మాట. అందరికీ ఎక్కిస్తే మేలని ఒకప్పుడు ఆశ పడ్డారు, 1995లో ఐసిస్-4లో 58 వేలమందిని చూశాక ఆ ఆశ పోయింది. తక్కువ ఉన్నవాళ్లకు, ఇందాక వాంతుల మందు దగ్గర చెప్పిన ఆ ప్రత్యేక రకం వేగానికి వాడతాం, అంతే.

పొటాషియం దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి, మన ప్రాంతానికి ఇది చాలా దగ్గరి విషయం. బీపీకి నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర, వేసుకునే మనిషి ఎండలో రోజంతా కూలిపని చేసి చెమట కక్కుతాడు, దానికి తోడు రెండు రోజులు విరేచనాలు అయి ఉంటాయి, సరిగ్గా తినలేదు. ఒంట్లో పొటాషియం తగ్గి ఉంటుంది. అదే రోజు గుండెపోటు వస్తే వీఎఫ్‌కి దారి సగం తెరిచి పెట్టినట్టే. నొప్పి, భయం వల్ల ఒంట్లో పుట్టే అడ్రినలిన్ కూడా పొటాషియంను కణాల్లోకి నెట్టి రక్తంలో ఇంకా తగ్గిస్తుంది. అందుకే మేం రక్తం తీసిన వెంటనే మొదట అడిగే అంకెల్లో పొటాషియం ఒకటి. 3.5 కంటే తగ్గనివ్వం, చాలాచోట్ల 4 దగ్గర ఉంచుతారు. 2012లో అమెరికాలో 38 వేలకు పైగా గుండెపోటు రోగుల లెక్కలు తీస్తే 3.5 నుంచి 4.5 మధ్య ఉన్నవాళ్లలో మరణాలు అన్నిటికంటే తక్కువ. దాని కిందా ప్రమాదమే, పైనా ప్రమాదమే.

నర్సు అమ్మాయిలు ఎవరైనా ఉంటే ఇది బాగా వినండి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, పది మిల్లీలీటర్లు, అందులో 20 మిల్లీఈక్వివలెంట్లు. దాన్ని సిరంజిలోకి తీసి నేరుగా నరంలోకి తోస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. అరలీటరు సెలైన్‌లో కలపాలి, సీసా తలకిందులు చేసి బాగా కలిసేలా తిప్పాలి, లేదంటే మందు అడుగున పేరుకుని ముందే గాఢంగా దిగిపోతుంది. చేతి నరంలో అయితే గంటకు 10 మిల్లీఈక్వివలెంట్ల కంటే వేగం వద్దు, అంటే ఆ సీసా రెండు గంటలకు తక్కువ కాకుండా పోవాలి. మానిటర్ తగిలించే ఉండాలి. మూత్రం వస్తోందా లేదా చూడాలి, కిడ్నీ పనిచేయనివాళ్లకు ఇదే పొటాషియం విషం. ఆ ఆంప్యూళ్లను మిగతా మందుల ట్రేలో కలిపి పెట్టకండి, వేరే డబ్బాలో, పైన ఎర్రగా రాసి పెట్టండి.

(వెనక నుంచి ఒక 108 టెక్నీషియన్: సార్, గడ్డ కరిగే ఇంజెక్షన్ వేసినాక మానిటర్‌లో గీతలన్నీ వెడల్పుగా మారిపోతాయి, పేషెంట్ బాగానే ఉంటాడు. షాక్ ఇవ్వాలా?)

వద్దు నాయనా. ఇది చాలామందికి వచ్చే భయం. నాళం ఒక్కసారిగా తెరుచుకుని ఆకలిగొన్న కండరంలోకి రక్తం పోటెత్తినప్పుడు కణాల్లో క్యాల్షియం పోగవుతుంది, ఆ చికాకుకి లయ కాసేపు అటూఇటూ అవుతుంది. టెనెక్టెప్లేస్ వేసి అరగంటో గంటో అయ్యాక చూస్తే, నొప్పి తగ్గిందంటాడు, ఈసీజీలో పైకి లేచిన గీత కిందికి దిగుతుంటుంది, ఉన్నట్టుండి వెడల్పాటి బీట్లు వరుసగా మొదలవుతాయి, నిమిషానికి 60 నుంచి 120 లోపు. మానిటర్ అరుస్తుంది, బంధువులు లేచి నిలబడతారు. మీరు చేయాల్సింది నాడి మీద వేలు పెట్టడం, బీపీ చూడటం, "అయ్యా, ఎట్లుంది?" అని అడగడం. నాడి నిండుగా ఉంటే, బీపీ 110/70 ఉంటే, మనిషి సమాధానం చెప్తుంటే ఏ మందూ వేయొద్దు. చాలాసార్లు అది నాళం తెరుచుకుందనడానికి గుర్తు, కొద్ది నిమిషాల్లో దానంతట అదే మామూలు లయలోకి వస్తుంది. ఆ సమయంలో లిగ్నోకైన్ వేస్తే ఉన్న ఆ ఒక్క లయ కూడా పోవచ్చు. నాడి 120 దాటి పరుగెడితే, బీపీ పడితే, మాట తడబడితే అప్పుడు అది వేరే జబ్బు, అప్పుడు ప్యాడ్లు పనికొస్తాయి.

నాళం తెరుచుకున్నప్పుడే గుండె నెమ్మదించడం కూడా ఉంటుంది, ముఖ్యంగా కింది వైపు పోటులో. వాంతి, చెమట, నాడి 40, బీపీ 80. కాళ్లు పైకెత్తి పెట్టండి, సెలైన్ పోనివ్వండి, నాడి వేగం పెంచే అట్రోపిన్ 1 మిల్లీగ్రాము నరంలోకి, అవసరమైతే మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి, మొత్తం 3 మిల్లీగ్రాములు దాటకుండా. పై గదికీ కింది గదికీ సంబంధం తెగిపోయే బ్లాక్ వస్తే తాత్కాలిక పేస్‌మేకర్ పెడతాం, చాలామందిలో కొన్ని రోజుల్లో అది సర్దుకుంటుంది. గడ్డ కరిగించే ఇంకో మందు స్ట్రెప్టోకైనేజ్ ఎక్కిస్తున్నప్పుడు కూడా బీపీ పడుతుంది, 15 లక్షల యూనిట్లను అరగంట నుంచి గంట సేపు పోనివ్వాలి, తొందరపడి వదిలేస్తే పడిపోవడం ఎక్కువ, పడితే డ్రిప్ నెమ్మది చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఆక్సిజన్ గురించి అడుగుతారని తెలుసు కాబట్టి చెప్పేస్తున్నాను. వేలికి పెట్టే క్లిప్‌లో 90 కంటే తక్కువ ఉంటే పెట్టండి. బాగా ఉన్నవాళ్లకు మాస్క్ తగిలిస్తే లాభం లేదని స్వీడన్‌లో 6,600 మందికి పైగా చూసి 2017లో తేల్చారు.

(ఒక ఆర్ఎంపీ: మా ఊరాయనకు ఆసుపత్రిలో మొదటి రోజే షాక్ ఇచ్చినారంట సార్. ఇప్పుడు ఇంటికొచ్చినాడు. ఛాతీలో మిషన్ పెట్టించుకోవాలంటున్నారు ఎవరో.)

మొదటి 48 గంటల్లో, పోటు వేడిలో వచ్చిన వీఎఫ్ వేరు, ఆ తర్వాత వచ్చింది వేరు. మొదటి రోజు వచ్చి, నాళం తెరిచి, గుండె పంపు బాగుంటే, ఆ ఒక్క కారణానికి మిషన్, అంటే లయ తప్పితే తనంతట తానే షాక్ ఇచ్చే యంత్రం, అవసరం సాధారణంగా రాదు. గుండె పంపు బాగా తగ్గి ఉంటే మందులు వాడుతూ కనీసం నలభై రోజులు ఆగి గుండె స్కాన్ ఎకో మళ్లీ చేస్తారు, అప్పుడు నిర్ణయిస్తారు. ఈలోపు ఆయన మాత్రలు ఒక్క పూట కూడా మానకుండా చూడండి, బీడీ మాన్పించండి. రెండు రోజుల తర్వాత, కొత్త పోటు లేకుండా వీఎఫ్ వచ్చిందంటే మాత్రం ఆలస్యం చేయకుండా గుండె డాక్టరుకు చూపించండి, అది మచ్చపడిన కండరం నుంచి వస్తుంది, మళ్లీ వస్తుంది. ఆయన డిశ్చార్జి కాగితాలు ఫోటో తీసి నాకు చూపించండి, భోజనం తర్వాత చూస్తాను.

ఇప్పుడు ముందు వరుస కుర్చీలు వెనక్కి జరపండి. రెండు బొమ్మలు, ఒక ట్రైనింగ్ డీఫిబ్రిలేటర్ తెచ్చాం. మొదట ఆశా అక్కలు రండి, చీర కొంగు బొడ్లో దోపుకుని మోకాళ్ల మీద కూర్చోండి, మోచేతులు వంచకుండా నొక్కాలి, రెండు నిమిషాలకు మనిషి మారాలి. ఆర్ఎంపీ అన్నలు లెక్క పెట్టండి. 108 తమ్ముళ్లు, బొమ్మ ఛాతీ మీద నీళ్లు చల్లి ప్యాడ్లు పెట్టడం చూపించండి, పొడి బొమ్మ మీద అందరూ పెడతారు.